జాబితాకెక్కిన తారల్లోనే వింత జంటలు దాక్కున్నాయి

వృశ్చిక రాశిలో ఏఆర్ స్కార్పియై అనే తార ఉంది. 1970ల మొదట్లోనే అది చర తారల, అంటే వెలుగు మారే తారల, జాబితాకెక్కింది. రకం అనే గడిలో ‘డెల్టా స్కూటీ’ అని రాశారు. వెలుగు మూడున్నర గంటలకోసారి పెరిగి తగ్గుతోంది, ఉబ్బుతూ కుంచించుకుపోతూ మినుకే డెల్టా స్కూటీ తారల పీరియడ్లూ (ఒక చుట్టుకు పట్టే కాలం) ఆ లెక్కలోనే ఉంటాయి. అప్పటికున్న సమాచారంతో అది సబబైన పేరే. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆ పేరును ఎవరూ కదపలేదు. 2015 మే నెలలో జర్మనీ, బెల్జియం, బ్రిటన్‌లకు చెందిన ఔత్సాహికులు కొందరు చిన్న ఎక్స్‌పోజర్లతో ఆపకుండా దాన్ని గమనిస్తే, రెండు నిమిషాలకోసారి భగ్గుమంటూ కనిపించింది. ఒక్కోసారి ముప్పై సెకన్లలోనే నాలుగు రెట్లు వెలుగుతోంది. వార్విక్ విశ్వవిద్యాలయం బృందం పెద్ద టెలిస్కోపులతో దాని వెంటపడి 2016లో అసలు సంగతి తేల్చింది. అక్కడ ఉన్నవి రెండు తారలు. ఒకటి 1.95 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరిగే తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయిన తార మిగిల్చిన చిన్న దట్టమైన ముద్ద. రెండోది దానితో 3.56 గంటల కక్ష్యలో జతకట్టిన చిన్న చల్లటి తార, ఎర్ర మరుగుజ్జు. తెల్ల మరుగుజ్జు అయస్కాంత క్షేత్రం తిరిగినప్పుడల్లా తోటి తార మీద విరుచుకుపడుతోంది, ఆ దెబ్బకు జంట మొత్తం రేడియో తరంగాల నుంచి అతినీలలోహిత కిరణాల దాకా మినుకుతోంది. అలాంటి జంట దొరకడం అదే మొదటిసారి. ఖాయంగా తేలిన రెండోది 2023లో గానీ రాలేదు.

ఇందులో ఆలోచించాల్సింది ఆ నలభై ఏళ్ల గురించి. ఇప్పుడైతే ఆ పేరు తప్పని పట్టుకోవడానికి టెలిస్కోపే అక్కర్లేదు. గయా ఉపగ్రహం కొలిచిన దూరం మన చేతిలో ఉంది, సుమారు 116 పార్సెక్‌లు, అంటే 380 కాంతి సంవత్సరాలకు అటూ ఇటూ. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, సంఖ్య పెరిగేకొద్దీ తార మసక; నిజ మాగ్నిట్యూడ్ అంటే 10 పార్సెక్‌ల దూరం నుంచి చూస్తే కనిపించే వెలుగు. 15వ మాగ్నిట్యూడ్ చుట్టుపక్కల కనిపించే తార అంత దగ్గర్లో ఉందంటే దాని నిజ మాగ్నిట్యూడ్ 9.7. డెల్టా స్కూటీ తారలు సూర్యుడి కంటే బాగా వెలుగైనవి, వాటి నిజ మాగ్నిట్యూడ్ 1 నుంచి 3 మధ్య ఉంటుంది. 15వ మాగ్నిట్యూడ్‌లో కనిపించే డెల్టా స్కూటీ తార దాదాపు 4,000 పార్సెక్‌ల దూరంలో ఉండాలి. 116 ఎక్కడ, 4,000 ఎక్కడ!

అందుకే నా వాదన ఇది. సర్వేల సమాచారం ముందేసుకుని కూర్చునే ఔత్సాహికులు, విద్యార్థులు ‘కొత్త’ చర తారల వేట మానేయాలి. వింత జంటలు కావాలంటే, ఇప్పటికే పీరియడూ రకమూ రాసిపెట్టిన తారలనే ఆడిట్ చేయాలి. పాలోమార్‌లోని జెడ్‌టీఎఫ్ సర్వే (కాలిఫోర్నియా నుంచి ఆకాశాన్ని పదేపదే ఫొటోలు తీసేది) రెండో విడత సమాచారం నుంచి 2020లో తీసిన ఒక్క జాబితాలోనే 7,81,602 ఆవర్తన చర తారలున్నాయి. గయా మూడో విడతలో గ్రహణ జంటలే (ఒకదాన్నొకటి కప్పుకునే తారలు) దాదాపు 21.8 లక్షలు. వీటిలో ఏ మనిషైనా కంటితో చూసినవి ఎన్నో ఊహించుకోండి. ఇంకో 0.3 రోజుల కాంటాక్ట్ జంటను (ఒకదానికొకటి అంటుకుని తిరిగే తారలను) కొత్తగా కనిపెట్టి చేర్చితే జాబితాకు ఒక వరస పెరుగుతుంది, అంతకుమించి ఏమీ ఒరగదు.

రకం నిర్ణయించేది యంత్రం. దానికి నేర్పిన రకాలు పదో పదిహేనో ఉంటాయి, వచ్చిన ప్రతి తారనూ వాటిలో ఒకదాంట్లో పడేయాల్సిందే. ‘ఇది దేనికీ చెందదు’ అనే గడి చాలా జాబితాల్లో లేనే లేదు, ఉన్నా అది సరిగా నేర్పిన గడి కాదు. ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్నే తెలిసిన రకాన్ని ఏ యంత్రానికి ఎన్ని ఉదాహరణలతో నేర్పుతారు? వింత తార ఎక్కడికీ పోదు. పక్కింటి పేరుతో జాబితాలోనే కూర్చుంటుంది.

పేరు ఎలా తప్పుతుంది

అన్నిటికంటే మామూలుగా జరిగేది సగం పీరియడ్ పొరపాటు. పీరియడ్ వెతకడానికి దాదాపు అన్ని సర్వేలూ మొదట వాడేది లాంబ్-స్కార్గల్ పద్ధతి. అది లైట్ కర్వ్‌లోకి (కాలంతో వెలుగు ఎలా మారిందో చూపే గీత) సైన్ తరంగాన్ని ఇరికించి చూస్తుంది. కాంటాక్ట్ జంట ఒక చుట్టులో రెండుసార్లు మసకబారుతుంది, ఆ రెండు మసకలూ దాదాపు సమానం. అంచేత సైన్ తరంగానికి నచ్చేది అసలు పీరియడ్‌లో సగం. 0.6 రోజుల కాంటాక్ట్ జంట 0.3 రోజులతో మడతపడి (అన్ని చుట్లనూ ఒకదానిమీదొకటి పేర్చడమే మడత), చక్కటి గుండ్రని ఒకే మూపురం చూపించి, ఆర్‌ఆర్ లైరే తారల్లో (ఇవీ ఉబ్బి కుంచించుకుపోయేవే) ‘సీ’ రకం కింద నమోదవుతుంది. దీన్ని విడదీయడానికి రెండు పరీక్షలు చాలు. ఒకటి రంగు: ఆర్‌ఆర్ లైరే తారలో ఉష్ణోగ్రతే మారుతుంది కాబట్టి ఆకుపచ్చ ఫిల్టర్‌లో ఊగు ఎర్ర ఫిల్టర్‌లో కంటే స్పష్టంగా ఎక్కువ. కాంటాక్ట్ జంటలో రెండు ఫిల్టర్లలోనూ ఊగు దాదాపు ఒకటే. రెండోది దూరం: ఆర్‌ఆర్ లైరే నిజ మాగ్నిట్యూడ్ 0.6 దగ్గర, ఈ జంట దానికంటే ఎన్నో రెట్లు మసక. కనిపించే వెలుగు ఒకటే అయినప్పుడు దూరాల్లో అంత తేడాను గయా కప్పిపెట్టలేదు.

తర్వాత ఒక రోజు ఏలియాస్, అంటే రోజు విరామం వల్ల పుట్టే దొంగ పీరియడ్. ఒకే చోట ఉన్న టెలిస్కోపు రాత్రిపూటే చూస్తుంది కాబట్టి రోజుకు ఎన్ని చుట్లు అన్న లెక్కలో ఒకటి ఎక్కువో తక్కువో అయినా సమాచారానికి తేడా తెలియదు. అసలు పీరియడ్ 0.3 రోజులైతే రోజుకు 3.333 చుట్లు. 2.333, 4.333 కూడా దాదాపు అంతే బాగా అతుకుతాయి, అంటే 0.4286, 0.2308 రోజులు. మూడింటికీ మడతపెట్టి పక్కపక్కన చూడాలి. మొదటి స్థానంలో వచ్చిన పీరియడ్‌నే పట్టుకుని ముందుకుపోవడం ఈ పనిలో మహా పాపం.

మూడోది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది: వెతికే హద్దు. చాలా సాఫ్ట్‌వేర్లు బిందువుల మధ్య సగటు వ్యవధిని బట్టి గరిష్ఠ ఫ్రీక్వెన్సీని (రోజుకు ఎన్ని చుట్లు) తామే పెట్టేసుకుంటాయి. రాత్రికి ఒకటి రెండు బిందువులుంటే రోజుకు ఒకటి రెండు చుట్ల దగ్గరే ఆగిపోతాయి. సమానంగా లేని వ్యవధులకు ఆ హద్దు వర్తించదు. 6.91 నిమిషాలకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తెల్ల మరుగుజ్జుల జంట జెడ్‌టీఎఫ్ జే1539+5027 ఇలాంటి చెదురుమదురు బిందువుల్లోంచే 2019లో బయటపడింది. ఆ కక్ష్యలో 30 సెకన్ల ఎక్స్‌పోజర్ అంటే 7 శాతమే, గ్రహణం చెరిగిపోదు. కానీ వెతకాలంటే ఓపిక కావాలి. 2,500 రోజుల సమాచారం ఉంటే ఫ్రీక్వెన్సీ అడుగు 0.00004 దాటకూడదు. 3 నిమిషాల పీరియడ్ దాకా వెళ్లాలంటే రోజుకు 480 చుట్లు. అంటే కోటీ 20 లక్షల ప్రయత్నాలు, ఒక్క తారకు. ల్యాప్‌టాప్ చేస్తుంది. అందుకే లక్ష తారల మీద కాకుండా ముందు వడకట్టిన వందల మీదే చేయాలి.

ఆడిట్ ఎలా చేయాలి

ముందు గయా నుంచి పారలాక్స్ (భూమి కదలికతో తార జరిగినట్టు కనిపించే కోణం, దూరానికి కొలత), దాని దోషం, జీ మాగ్నిట్యూడ్ (గయా కొలిచిన వెలుగు), నీలం ఎరుపు మాగ్నిట్యూడ్ల తేడా తెచ్చుకోవాలి. మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఉన్న పారలాక్స్‌కి లాగరిథం తీసి 5తో హెచ్చవేసి జీ మాగ్నిట్యూడ్‌కి కలిపి 10 తీసేస్తే నిజ మాగ్నిట్యూడ్ వస్తుంది. పారలాక్స్ దాని దోషానికి పది రెట్లయినా ఉంటే నిశ్చింత. అయిదు రెట్ల కంటే తక్కువైతే ఆ తార మీద ఏ తీర్మానమూ చేయవద్దు. రూవే అనే నాణ్యత సంఖ్య 1.4 దాటితే ఆ తార ఒంటరిదని లెక్కగట్టిన నమూనా సరిగా అతకలేదని అర్థం. అది జంటకు ఆనవాలే, అదే సమయంలో దూరం మీద అనుమానం కూడా. ధూళి వల్ల తార ఎర్రగా, మసకగా కనిపిస్తుంది, పాలపుంత తలం దగ్గర ఒకటి రెండు మాగ్నిట్యూడ్ల తేడాను దాని ఖాతాలో వేయొచ్చు. ఏడు మాగ్నిట్యూడ్ల తేడాను వేయలేం.

ఇప్పుడు రకం గడిలో ఉన్న పేరు ఏ చోట ఉండాలో, తార నిజంగా ఏ చోట ఉందో పోల్చాలి. సూర్యుడంత నిజ మాగ్నిట్యూడ్ ఉండి సూర్యుడిలా పసుపుగా కాకుండా నీలంగా ఉందంటే అది పై పొరలు పోగొట్టుకున్న వేడి సబ్‌డ్వార్ఫ్ కావచ్చు. దానికి 2 నుంచి 4 గంటల పీరియడ్, ఎర్ర ఫిల్టర్‌లో ఎక్కువయ్యే నున్నటి ఊగు, మధ్యలో సన్నటి గ్రహణం ఉంటే హెచ్‌డబ్ల్యూ వర్జినిస్ తరహా జంట: వేడి తార పక్కనున్న చల్లటి తార ముఖాన్ని కాలుస్తోంది. రంగునూ నిజ మాగ్నిట్యూడ్‌నూ గ్రాఫ్‌లో పెడితే, ప్రధాన శ్రేణికీ (సూర్యుడి లాంటి మామూలు తారల వరస) తెల్ల మరుగుజ్జుల వరసకూ మధ్య ఖాళీలో కూర్చున్న ప్రతి ‘డెల్టా స్కూటీ’, ప్రతి ‘ఆర్‌ఆర్ లైరే’ మీదా చేయి వేయాల్సిందే. ఆ ఖాళీలో ఆ రెండు రకాల పల్సేటింగ్ తారలకు (ఉబ్బి కుంచించుకుపోయేవాటికి) పనేమీ లేదు, అది జంటల పేట. 2023లో దొరికిన రెండో తెల్ల మరుగుజ్జు పల్సార్ (ఏఆర్ స్కార్పియై రకం పేరు ఇదే) జే1912-4410 కూడా అలా ఏఆర్ స్కార్పియై పోలికలున్న తారల కోసం పనిగట్టుకుని వెతికితేనే చిక్కింది. దాని కక్ష్య 4.03 గంటలు, భ్రమణం 5.3 నిమిషాలు.

తర్వాత లైట్ కర్వ్. జెడ్‌టీఎఫ్ సమాచారం ఇర్సా సైట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. తార స్థానం చుట్టూ 1.5 నుంచి 2 ఆర్క్‌సెకన్ల వృత్తంలో అడగండి. ఒకే తారకు రెండు మూడు గుర్తింపు సంఖ్యలు వస్తాయి, ఫిల్టర్‌కొకటి, ఒకదానిమీదొకటి పడే ఫీల్డులకొకటి. ఫీల్డుల మధ్య మాగ్నిట్యూడ్‌లో వందో వంతుల తేడా ఉండొచ్చు, ఒకే ఫిల్టర్‌వైతే మీడియన్ (నడిమి విలువ) సరిచేసి కలపండి. ఆకుపచ్చనూ ఎరుపునూ ఎప్పుడూ కలపవద్దు, వాటి మధ్య తేడానే మీ సాక్ష్యం. క్యాట్‌ఫ్లాగ్స్ విలువ 32768 లేదా అంతకుమించి ఉన్న బిందువులు చెడ్డవి, తీసేయండి. 13 కంటే వెలుగైన తారలకు ఈ సర్వే పనికిరాదు, చిప్ సాచురేట్ అవుతుంది.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఈ పట్టికలో తార కనిపించినప్పటి వరసలే ఉంటాయి. 19వ మాగ్నిట్యూడ్ తెల్ల మరుగుజ్జును ఎర్ర మరుగుజ్జు పూర్తిగా కప్పేసి వెలుగు 22కు పడిపోతే సర్వే హద్దు 20.5 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆ వరస పట్టికలో రాదు, అంతే. లోతైన గ్రహణం ఖాళీగా కనిపిస్తుంది. మడతపెట్టినప్పుడు ఒకచోట బిందువులే లేకుండా సందు తెరుచుకుని ఉంటే సంబరపడండి, ఆపై ఫోర్స్‌డ్ ఫొటోమెట్రీ అడగండి. తార కనిపించినా కనిపించకపోయినా ఆ చోట కాంతిని కొలిచి, ప్రతికూల విలువైనా సరే రాసి ఇస్తుంది.

అట్లాస్ సర్వే ఫోర్స్‌డ్ ఫొటోమెట్రీ సర్వర్ కూడా అందరిదే. విలువలు మైక్రోజాన్‌స్కీల్లో వస్తాయి. లాగరిథం తీసి మైనస్ 2.5తో హెచ్చవేసి 23.9 కలిపితే మాగ్నిట్యూడ్. అట్లాస్ సాధారణంగా ఒక రాత్రి గంట వ్యవధిలో నాలుగు 30 సెకన్ల ఫొటోలు తీస్తుంది. సూపర్నోవాల కోసం రాసిన పాఠాలన్నీ ఆ నాలుగింటినీ సగటు చేయమంటాయి. సూపర్నోవాకు అది మేలు. రెండు గంటల జంటకు సగటు చేశారంటే సగం కక్ష్యను నలిపి ఒక చుక్క చేసినట్టే. అలాగే ‘మూడు సిగ్మాలు దాటినవి తీసేయండి’ అన్న అలవాటు, అంటే సగటుకు బాగా దూరంగా పడిన బిందువులను పారేయడం. పీరియడ్‌లో 2 శాతం మాత్రమే ఉండే గ్రహణం 800 బిందువుల్లో పదహారింటికి అటూ ఇటూగా దొరుకుతుంది. ఆ పదహారూ సరిగ్గా మీరు తీసిపారేసినవే. కత్తిరించాల్సి వస్తే పైకి లేచినవాటిని కత్తిరించండి, కిందికి దిగినవాటి జోలికి పోవద్దు. పైవాటిలోనూ మంటలు చిమ్మే ఎర్ర మరుగుజ్జులు ఉంటాయి, అది వేరే తలనొప్పి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. సర్వేలు కాలాన్ని రాసే రోజుల లెక్క ఎంజేడీ అంటే భూమి మీద గడియారం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి) దగ్గరున్న తార కాంతి ఒకప్పుడు 8.3 నిమిషాలు ముందు, ఆరు నెలలకు 8.3 నిమిషాలు వెనక చేరుతుంది. 0.3 రోజుల జంటకు ఇది కొంచెం మసక. ఏఆర్ స్కార్పియై క్రాంతివృత్తానికి ఆనుకునే ఉంది, దాని 1.97 నిమిషాల మెరుపులకు (1.95 నిమిషాల భ్రమణానికి కక్ష్య కదలిక కలిస్తే మెరుపుల మధ్య వ్యవధి ఇది) ఈ 16.6 నిమిషాల ఊగిసలాట ఎనిమిది చుట్లకు పైమాటే. సూర్యకేంద్ర కాలానికో, ఇంకా మేలుగా సౌర కుటుంబ ద్రవ్యకేంద్ర కాలానికో మార్చకుండా నిమిషాల పీరియడ్లు వెతకడం వృథా. ఎక్స్‌పోజర్ మొదలైన క్షణమా, మధ్య క్షణమా అన్నదీ సర్వే సర్వేకూ చూసుకోవాలి.

ఆ తర్వాతే పీరియడ్ వెతుకులాట. నున్నటి ఊగులకు లాంబ్-స్కార్గల్, సన్నటి గ్రహణాలకు బాక్స్ పద్ధతి (పెట్టె ఆకారపు చిన్న దిగుడు కోసం వెతికేది). వచ్చినదానికి సగం, రెట్టింపు, ఒక రోజు ఏలియాస్‌లు, అన్నిటికీ మడతలు. రెట్టింపుతో మడిచినప్పుడు రెండు మసకల లోతులు వేరువేరుగా తేలితే అదే అసలు కక్ష్య. జాబితాలో రాసిన పీరియడ్‌తో నేరుగా మడతపెట్టి ‘చెల్లాచెదురుగా ఉంది, ఇదేదో వింత’ అనుకోవద్దు. నాలుగు దశాంశాలకు కుదించిన పీరియడ్‌లో 0.00005 రోజుల తప్పుండొచ్చు. 2,500 రోజుల్లో 0.3 రోజుల జంట 8,333 చుట్లు తిరుగుతుంది. ఆ చిన్న తప్పు పోగై 0.4 రోజులవుతుంది, ఒక చుట్టు కంటే ఎక్కువ.

వింత అనుకునే ముందు

పదింట తొమ్మిది వింతలు పక్కింటివే. టెస్ ఉపగ్రహం పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు, ఆసాస్-ఎస్‌ఎన్ పిక్సెల్ 8, అట్లాస్‌ది 1.86, జెడ్‌టీఎఫ్‌ది 1. టెస్‌లో ఒక్క పిక్సెల్‌లో పాలపుంత దగ్గరైతే పది తారలుంటాయి. మీ తార కంటే 3 మాగ్నిట్యూడ్లు మసకైన పొరుగు తార గ్రహణంలో సగం వెలుగు పోగొట్టుకుంటే కలిసిపోయిన కాంతిలో 3 శాతం తగ్గుదల కనిపిస్తుంది. అది చూసి మీ తార చుట్టూ గ్రహం ఉందనో, అదృశ్య సహచరి ఉందనో కథలల్లొచ్చు. దీనికి విరుగుడు సులువు. చుట్టూ రెండు మూడు ఆర్క్‌మినిట్లలో ఉన్న ప్రతి తారకూ అదే పీరియడ్‌తో మడతపెట్టండి. ఒకే పీరియడ్ నలుగురిలో కనిపిస్తే, ఎవరిలో లోతు ఎక్కువో వారే దోషి.

29.5 రోజులు వస్తే చంద్రుడు. సరిగ్గా ఒక రోజు, అర రోజు, ఒక ఏడాది వస్తే వాతావరణమో, గాలి పొర మందమో. వేగంగా కదిలే తార స్థిరమైన వృత్తంలోంచి ఏటా కొంచెం జారిపోతూ నెమ్మదిగా మసకబారుతున్నట్టు నటిస్తుంది, గయాలో ప్రాపర్ మోషన్ (ఆకాశంలో తార సొంత కదలిక) చూడండి. వీటికి ఇంతకుమించి సమయం పెట్టక్కర్లేదు.

సమయం పెట్టాల్సింది కృష్ణబిలాల మోజు మీద. కోడిగుడ్డులా సాగిన తార తిరుగుతుంటే ఒక చుట్టులో రెండుసార్లు వెలుగు ఊగుతుంది, గ్రహణాలేమీ ఉండవు. సహచరి కనిపించదు, బరువు మాత్రం ఉంది. ఇంకేముంది, కృష్ణబిలం! 2021లో వీ723 మోనోసెరోటిస్ విషయంలో ఇదే జరిగింది. ఆసాస్-ఎస్‌ఎన్ తదితర సర్వేల లైట్ కర్వ్‌లు, వర్ణపటాలు, 60 రోజుల కక్ష్య, సూర్యుడికి మూడింతల చీకటి సహచరి, ‘యూనికార్న్’ అన్న ముద్దుపేరు కూడా. మరుసటి ఏడాది వర్ణపటాన్ని విడదీసి చూస్తే ఆ చీకటి సహచరి సబ్‌జయంట్ తార. పెద్ద తార తన ఒంటిని చాలావరకు దానికే ధారపోసి తేలికైపోయింది. మొదట లెక్కగట్టిన బరువే తప్పు, దాంతో సహచరి బరువూ తప్పింది. మొదటి వ్యాసం రాసినవారు చేతగానివారేమీ కాదు, చేతికందిన పరీక్షలన్నీ చేశారు. లైట్ కర్వ్ ఒక్కటీ చేతిలో పెట్టుకుని కృష్ణబిలం అనడానికి మనకేం హక్కుంది? గయా నుంచి వచ్చిన గట్టి కృష్ణబిలం, 185.6 రోజుల కక్ష్యలో ఉన్న గయా బీహెచ్1, తార ఆకాశంలో వేసిన చిన్న చిన్న అడుగుల వల్ల దొరికింది, వెలుగు ఊగడం వల్ల కాదు.

కాలం లెక్కల్లో మోజుకు ఉదాహరణ కేఐసీ 9832227. ఆ కాంటాక్ట్ జంట పీరియడ్ తరుగుతోందనీ, 2022లో రెండు తారలూ ఒకటైపోయి కంటికి కనిపించేంత ఎర్ర నోవా పుడుతుందనీ 2017లో జోస్యం వచ్చింది. అది ఉత్తి ఊహ కాదు. 2008లో పేలిన వీ1309 స్కార్పియై పేలకముందు 1.4 రోజుల పీరియడ్‌తో ఏళ్లపాటు కుదించుకుపోవడం ఓగుల్ సర్వే పాత ఫొటోల్లో నమోదై ఉంది. 2018లో మరో బృందం తిరగేసి చూస్తే 1999 నాటి పరిశీలనల కాలంలో సరిగ్గా 12 గంటల తప్పు దొర్లి ఉంది. ఆ జంట పీరియడ్ 11 గంటలు. 12లో 11 పోగా మిగిలిన గంట, గ్రహణం జరగాల్సిన వేళకు జరగనట్టు చూపించింది. ఏ మడతలోనూ ఇది ‘తప్పు’గా కనిపించదు, అందంగా వంగిన గీతగా కనిపిస్తుంది. వేర్వేరు సర్వేల కాలాలను ఒక గ్రాఫ్‌లో పెట్టే ముందు, స్థిరమైన పీరియడ్ ఉన్న మామూలు గ్రహణ జంటను ఒకదాన్ని అదే సర్వేల జతతో పరీక్షించండి. దానికీ గంట తేడా వస్తే తార నిర్దోషి.

పీరియడ్ వెతికితే ఎప్పటికీ చిక్కని వింతలూ ఉన్నాయి. టీవైసీ 2505-672-1 అనే జంట 69.1 ఏళ్లకోసారి గ్రహణం పడుతుంది, ఆ గ్రహణం మూడున్నర ఏళ్లు సాగుతుంది. ఇప్పటి సర్వే ఒక గ్రహణాన్ని చూసింది, ముందటిది 1940ల హార్వర్డ్ గాజు పలకల మీద ఉంది. ఇలాంటివాటికి పద్ధతి వేరు: ప్రతి ఏటి పరిశీలన కాలానికీ ఒక మీడియన్ తీసి, ఏటికేటికీ 0.3 మాగ్నిట్యూడ్ కంటే ఎక్కువ జారినవాటిని ఏరాలి. గడియలు లెక్కపెట్టే యంత్రాలు ‘స్థిర తార’ అని రాసి పక్కన పెట్టినవాటిలో కూడా ఇవి ఉంటాయి. లెక్క చిన్నది, స్ప్రెడ్‌షీట్‌లో అయిపోతుంది. ఎందుకో చేసేవాళ్లు తక్కువ.

ఇక్కడి నుంచి ఏం చేయొచ్చు

పాలోమార్‌లో జెడ్‌టీఎఫ్ వాడే టెలిస్కోపు కాంతి ప్రవేశించే ద్వారం లెక్కలో 48 అంగుళాలది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిన టెలిస్కోపు కూడా 48 అంగుళాలదే, అక్కడ దశాబ్దాలపాటు గ్రహణ జంటల ఫొటోమెట్రీ నడిచింది. పాలోమార్ కెమెరా ఒక్క దెబ్బకు 47 చదరపు డిగ్రీలు మింగుతుంది, రంగాపూర్ ఫొటోమీటర్ ఒక తారనూ దాని పోలిక తారనూ మార్చి మార్చి రాత్రంతా చూసేది. మొదటి పద్ధతి గెలిచిందని అందరూ అనుకుంటారు. నేనైతే రెండోది ఓడలేదంటాను. మడతపెట్టడం అంటే ప్రతి చుట్టూ ముందటి చుట్టులాగే ఉందని నమ్మడం. ఏళ్ల తరబడి రాత్రికి రెండు బిందువులతో ఆ నమ్మకాన్ని పరీక్షించలేం. ఒక్క రాత్రి ఆపకుండా చూసిన మూడు గంటలు పరీక్షిస్తాయి. ఏఆర్ స్కార్పియై బయటపడింది అలాగే.

మనకు భూగోళం ఇచ్చిన వరం కూడా ఉంది. హైదరాబాద్‌కూ పాలోమార్‌కూ రేఖాంశాల తేడా 195 డిగ్రీలు, అంటే 13 గంటలు. అక్కడి సమాచారాన్ని ఏళ్లుగా సతాయిస్తున్న ఒక రోజు ఏలియాస్‌ను ఇక్కడి ఒక రాత్రి పరిశీలన తెంచేస్తుంది. మూడు పీరియడ్లలో ఏది నిజమో తేల్చడానికి మూడు జోస్యాలు రాసుకుని, ఆ రాత్రి గ్రహణం ఏ వేళకు పడిందో చూస్తే చాలు. వృశ్చికం విషయంలో అక్షాంశం కూడా కలిసొస్తుంది. ఏఆర్ స్కార్పియై బ్రిటన్ నుంచి దిగంతానికి 15 డిగ్రీల పైన పాకుతుంది, హైదరాబాద్ నుంచి దాదాపు 50 డిగ్రీలు ఎక్కుతుంది. రోహిణి కార్తెలో అది అర్ధరాత్రి నడినెత్తి గీతకు వస్తుంది, మృగశిర వచ్చిందంటే మబ్బులు. అందుకే ఫిబ్రవరి తెల్లవారుజాముల నుంచి మే చివరి దాకా ఉన్నదే అదును.

8 అంగుళాల టెలిస్కోపు, చల్లబరిచే మోనో సీమాస్ కెమెరా ఉంటే 15వ మాగ్నిట్యూడ్ తారను ఫిల్టర్ లేకుండా 10 సెకన్లలో కొన్ని శాతం కచ్చితత్వంతో కొలవొచ్చు, ఊరి వెలుగుల అంచున కూడా. ఎక్స్‌పోజర్, డౌన్‌లోడ్ కలిపి వెతికే మార్పులో పదో వంతు దాటకూడదు. రెండు నిమిషాల మెరుపులకు 12 సెకన్లు. కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో ప్రతి అరగంటకూ సరిచేయించండి, విండోస్ వదిలేస్తే సెకన్ల కొద్దీ తప్పుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు సేవ్ అయిన సమయాన్ని ఎక్స్‌పోజర్ సమయంగా రాస్తాయి, ఒకసారి తెలిసిన గ్రహణంతో సరిచూసుకోండి. రూబిన్ అబ్జర్వేటరీ వచ్చాక వీటన్నిటికీ కాలం చెల్లిందనేవాళ్లకు ఒక్క మాట: 8.4 మీటర్ల ఆ అద్దానికి దాదాపు 16 కంటే వెలుగైన తార సాచురేట్ అయిపోయే దీపం. ఆ తారలన్నీ మనకే మిగిలాయి.

పేరు తప్పని నిర్ధారించుకున్నాక, చర తారల పరిశీలకుల అమెరికా సంఘం ఆవ్సో వారి వీఎస్‌ఎక్స్ సూచికకు సవరణ పంపాలి. మడతపెట్టిన లైట్ కర్వ్, గయా దూరం లెక్క, కలిసిపోయిన పొరుగుల్లో ఏది అసలు తారో దాని కచ్చితమైన స్థానం, ఏ కాలమానమో జతచేయండి. ఒకచోట మాత్రం జాగ్రత్త. ఆ సూచికలో పల్సేటింగ్ తారలకు ఆరంభ కాలంగా వెలుగు గరిష్ఠాన్ని రాస్తారు, గ్రహణ జంటలకు కనిష్ఠాన్ని. ఆర్‌ఆర్ లైరేను కాంటాక్ట్ జంటగా మార్చి, పీరియడ్‌ను రెట్టింపు చేసి, పాత ఆరంభ కాలాన్ని అలాగే వదిలేస్తే రాబోయే గ్రహణాల వేళలన్నీ కొత్త పీరియడ్‌లో పావు వంతు తప్పుతాయి. రకం మీద ఇంకా అనుమానముంటే పక్కన కోలన్ గుర్తు పెట్టే వీలుంది. పెట్టండి, దానివల్ల ఎవరి పరువూ పోదు.